గాలిలో కలిసిన గొంతు

కాలధర్మము చెందినవారి రూపము చూడవలెనన్న గోడమీద ఛాయాపటము కలదు. చేవ్రాత చూడవలెనన్న పెట్టె అడుగున ఉత్తరములు కలవు. వారి మాట వినవలెనన్న ఏమి కలదు? సామాన్య కుటుంబములలో ఏమియు లేదనియే చెప్పవలెను. ఇందు వింత లేదు. వింత యేమనగా, మాటాడుటయే వృత్తిగా జీవించినవారి ఇండ్లలో సైతము నేడు ఇదియే స్థితి. రేడియోలో పనిచేసిన వ్యక్తి కంఠమును ఒకనాడు జిల్లాలకు జిల్లాలే వినినవి. ఆయన మనుమలకు మాత్రము నేడు ఆ కంఠమునుండి ఒక్క వాక్యమైనను వినుటకు సాధనము లేదు.

ఇట్టి ఇంటి నొకదానిని పాఠకులు ఊహించుకొనవచ్చును. తాతగారు విజయవాడ రేడియో కేంద్రమున అనౌన్సరు. 1950ల చివర చేరి పాతికేండ్లు పనిచేసిరి. ఉదయ ప్రసారపు వంతు వచ్చిన దినములలో చీకటితోనే లేచి, సైకిలెక్కి, తెల్లవారకముందే స్టూడియోకు చేరెడివారు. ఆయన పోయిన తరువాత పుట్టిన మనుమరాలికి ఆయన ముఖము తెలియును, గొంతు తెలియదు. ఒకనాటి సాయంకాలము ఆమె, తొంబదేండ్లకు చేరువైన అమ్మమ్మ ప్రక్కన కూర్చుండి అడుగును:

"తాతయ్య గొంతు ఎట్లా ఉండేది, అమ్మమ్మా?"

"ఎట్లా అంటే ఏం చెప్పనే తల్లీ? రేడియో పెట్టగానే ఇల్లంతా ఆయనే ఉన్నట్టుండేది. వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని వినేదాన్ని. రేడియోలో అంత నెమ్మదిగా మాట్లాడే మనిషి, ఇంట్లో మాత్రం ఏనాడూ అట్లా మాట్లాడలేదులే!"

ముసలమ్మ నవ్వును. మనుమరాలి అన్వేషణము ఆ నవ్వుతో ఆరంభమగును. ఇట్టి అన్వేషణమునకు పూనుకొనిన కుటుంబములు తెలుగునాట పెక్కు కలవు. వారందరు నడువవలసిన త్రోవ ఇంచుమించు ఒక్కటియే.

ప్రసారమైనది పోయినది

మొట్టమొదట కలుగు సందేహము సహజమైనదే. రేడియోలో వినబడినదంతయు రేడియోవారి యొద్ద ఉండవలెను గదా! పత్రికాకార్యాలయమున పాత సంచికలున్నట్లు ప్రసారకేంద్రమున పాత మాటలు ఉండవా? ఉండవు. కారణము తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలెను.

హైదరాబాదున దక్కను రేడియో 1935లోను, మద్రాసు కేంద్రము 1938 జూన్ 16వ తేదీనను, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీనను ప్రసారములు ఆరంభించినవి. దక్కను రేడియో 1950లో ఆలిండియా రేడియోలో విలీనమైనది. 1963లో కడపలోను, విశాఖపట్టణములోను కేంద్రములు వెలసినవి. తొలినాళ్ల ప్రసారములలో అధికభాగము అప్పటికప్పుడు సజీవముగా సాగినట్టిది. నాటకమైనను, గానమైనను, ప్రసంగమైనను కళాకారులు స్టూడియోకు వచ్చి మైకు ముందు నిలిచెడివారు. వారు పలికిన క్షణముననే ఆ పలుకు శ్రోతల ఇండ్లలో వినబడెడిది. స్టూడియోలోని ఎఱ్ఱదీపము ఆరినంతనే అంతయు ముగిసినట్లే. ధ్వనిముద్రణమే జరుగనపుడు దాచుటకు గాని, పోగొట్టుకొనుటకు గాని ఏమున్నది?

ముద్రింపవలెనన్నను ఆ రోజులలో అది సులభము కాదు. అల్యూమినియపు పలకమీద లక్కవంటి పూత పూసి, తిరుగుచున్న ఆ పలకపై సూదితో గాడి చెక్కవలెను. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పలక, ప్రక్కకు నాలుగైదు నిమిషములకు మించి పట్టదు. పలుమార్లు వినినచో గాడి అరిగిపోవును. వినక దాచినను ఏండ్లు గడచినకొలది పూత బీటలువారి రేకులుగా ఊడివచ్చును.

తరువాత అయస్కాంతపు టేపు వచ్చినది. దాని వెడల్పు అంగుళములో నాలుగవ వంతు. సెకనుకు ఏడున్నర అంగుళముల చొప్పున నడిపినచో 2400 అడుగుల చుట్ట గంటకు పైగా వచ్చును. రేడియోవారికి ఇది వరప్రసాదమువలె దొరకినది. అయితే టేపునకు గల గొప్పగుణమే దాని దోషము కూడ: చెరిపి మరల వాడవచ్చును. టేపు ఖరీదైనది. అలమరలలో చోటు స్వల్పము. రేపటి నాటకమునకు టేపు కావలెనన్న నిన్నటి ప్రసంగమును చెరుపక తప్పెడిది కాదు.

ఇది ఒక కేంద్రమునకో, ఒక దేశమునకో పరిమితమైన సంగతి కాదు. అన్ని వనరులున్న బి.బి.సి. సైతము తన పాత కార్యక్రమములను విశేషముగా పోగొట్టుకొని, 2001లో, శ్రోతలు తమ ఇండ్లలో ముద్రించుకొనినవి ఏవైన ఉన్నచో ఇయ్యవలసినదని ప్రజలను అర్థించినది. రేడియో అనునది ఆ పూటకు వండిన భోజనమువంటిదని నాటివారి భావము. ఉదయము వడ్డించినది సాయంకాలమునకు దాచవలెనని ఎవరికిని తోచలేదు.

ఏది నిలిచినది?

అంతయు పోయినదనుటయు సత్యము కాదు. 1947 నవంబరు 12వ తేదీన గాంధీజీ ఢిల్లీ స్టూడియోకు వచ్చి, కురుక్షేత్రమున తలదాచుకొనిన శరణార్థుల నుద్దేశించి చేసిన ప్రసంగము ఆకాశవాణి వారు భద్రపరచుకొనిన నిధి. రాష్ట్రపతి, ప్రధానమంత్రి మున్నగువారి ఉపన్యాసములను సేకరించి దాచుటకు 1954లో ప్రత్యేక విభాగమే ఏర్పడినది. తెలుగులో ఉషశ్రీగారి రామాయణ భారత ప్రవచనములను నేటికిని జనులు వినుచున్నారు. విజయవాడ కేంద్రమునకు వన్నె తెచ్చిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వేంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నము గార్ల గానములో కొంతభాగము సంగీతప్రియుల ఆదరమువలన నిలిచినది.

ఈ జాబితాను చూచినచో ఒక సంగతి తేటపడును. నిలిచినవి ప్రముఖుల మాటలు, ప్రసిద్ధుల పాటలు. వానిని దాచవలెనని ఎవరో ఒకరికి తోచినది, దాచిరి. కాని రేడియో అనగా ప్రముఖులు మాత్రమే కాదు. తెల్లవారుజామున స్టేషను పలుకగానే వాల్టర్ కౌఫ్‌మన్ కూర్చినదని ప్రసిద్ధి చెందిన ఆ సంకేతసంగీతము ముగిసిన పిమ్మట మొదట వినబడు గొంతు అనౌన్సరుది. రైతునకు ధరవరలు చెప్పినది, తుఫాను వచ్చుచున్నదని సముద్రతీరపు పల్లెలను హెచ్చరించినది, యంత్రము చెడినపుడు అంతరాయమునకు చింతించుచున్నామని పలికినది, రాత్రి ప్రసారము ముగియగానే సెలవు తీసికొనినది ఆ గొంతే. ఆయన పని పాట పాడుట కాదు. పాట వచ్చుచున్నదని చెప్పుట. అలమరలో పాట నిలిచినను, పాటకు ముందు పలికిన మాట నిలువలేదు. ఎవరును దానిని చెరుపవలెనని చెరుపలేదు; దాచవలెనని తలపలేదు, అంతే.

ఇంకొక చిక్కు కూడ కలదు. వార్తలు చదువువారు తమ పేరు చెప్పుకొందురు. కావుననే ఢిల్లీనుండి తెలుగు వార్తలు చదివిన పన్యాల రంగనాథరావు, జోలెపాళెం మంగమ్మ మున్నగువారి పేర్లు ఇంటింటికి తెలిసినవి. అనౌన్సరు కేంద్రము పేరు చెప్పును, పాడువారి పేరు చెప్పును, వ్రాసినవారి పేరు చెప్పును. తన పేరు చెప్పుకొనడు. అనగా ఎక్కడనో ఒక టేపులో ఆ గొంతు మిగిలియున్నను, అది ఎవరిదో ఆ టేపు చెప్పజాలదు.

తేదీ దొరకిన దారి దొరకును

మనుమరాలు రేడియో కేంద్రమునకు పరుగెత్తుటకు ముందు తన ఇంటిలోనే వెదకుట మేలు. నాటి అనౌన్సర్లలో పలువురు నిలయకళాకారులు. కాంట్రాక్టు పద్ధతిపై నియమితులైనవారు. ఆ కాగితములు ట్రంకుపెట్టెలో ఉండవచ్చును. బయటినుండి వచ్చి ప్రసంగములు చేసినవారికిని, నాటకములలో పాల్గొనినవారికిని కేంద్రము పంపిన కాంట్రాక్టు పత్రములలో కార్యక్రమము పేరు, తేదీ, వేళ, పారితోషికము వ్రాసియుండును. పనికిరాని కాగితమని పారవేయబోవు ఆ చీటియే అన్వేషణమునకు తాళపుచెవి. "మా తాతగారు రేడియోలో మాటాడెడివారు" అనినచో ఎవరును వెదకలేరు. ఫలానా తేదీ, ఫలానా వేళ, ఫలానా కార్యక్రమము అనినచో వెదకుటకు వీలుండును.

ఇంటిలో కాగితములు లేకున్నచో గ్రంథాలయములు కలవు. ఆకాశవాణి వారు తెలుగులో "వాణి" అను పత్రికను, ఇంగ్లీషులో "ది ఇండియన్ లిజనర్" అను పత్రికను ప్రకటించెడివారు. రానున్న దినముల కార్యక్రమములు, పాల్గొనువారి పేర్లు అందు అచ్చుపడెడివి. దినపత్రికలు సైతము నాటి రేడియో కార్యక్రమములను ప్రచురించెడివి. వేటపాలెములోని సారస్వత నికేతనము, రాజమహేంద్రవరములోని గౌతమీ గ్రంథాలయము, హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటి సంస్థలు పాత పత్రికలను కంటికి రెప్పవలె కాపాడినవి. అచటి బల్లలముందు ఒక పూట కూర్చుండి పుటలు త్రిప్పినవారికి చిత్రమైన యనుభవము కలుగును. వినబడిన మాట పోయినది. వినబడబోవుచున్నదని చెప్పిన అచ్చు నిలిచినది. రేడియో అన్నయ్య, అక్కయ్య అను పేర్లతో పిల్లల మనసులను దోచుకొనిన న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు నడిపిన "బాల" సంపుటములు నేటికిని చదువ దొరకుచున్నవి. వారు మైకు ముందు పిల్లలతో ఆడిన మాటలు అట్లు చేతికి చిక్కునవి కావు.

తేదీలు చేతికి వచ్చిన పిమ్మట కేంద్రమునకు లేఖ వ్రాయవలెను. 1997నుండి ఆకాశవాణి ప్రసారభారతి సంస్థ ఆధీనమున నున్నది. అది ప్రభుత్వసంబంధమైన సంస్థ కావున 2005 నాటి సమాచార హక్కు చట్టము దానికిని వర్తించును. ఫలానా తేదీ కార్యక్రమపు టేపు ఉన్నదా, లేనిచో లాగ్ పుస్తకము గాని, నియామక పత్రములు గాని ఉన్నవా అని పౌరులెవరైనను అడుగవచ్చును. టేపు లేదను సమాధానమునకు సిద్ధపడియే అడుగవలెను. అయినను ఆ సమాధానమును కడపటి మాటగా భావింపరాదు. టేపు పెట్టెపై ప్రధానకళాకారుని పేరు ఉండును గాని, అందులో నాలుగు మాటలు పలికినవారి పేర్లు ఉండవు. తాతగారి పేరుతో లేని టేపులో తాతగారు ఉండవచ్చును.

అలమరలనుండి అటకల వరకు

కేంద్రపు అలమరలలో లేనిది ఒక్కొక్కప్పుడు శ్రోతల ఇండ్లలోని అటకలమీద ఉండును. క్యాసెట్టు 1963లో పుట్టినను, తెలుగు మధ్యతరగతి ఇండ్లలోనికి దాని రాక కొంత ఆలస్యముగా జరిగినది. రేడియో, టేపురికార్డరు ఒకే పెట్టెలో నుండు యంత్రములు వచ్చిన పిమ్మట సంగీతప్రియుడైన ప్రతి గృహస్థుడు ఒక చిన్న గ్రంథాలయాధికారి అయినాడు. భక్తిరంజని వచ్చువేళకు మీట నొక్కుట, ఆదివారపు నాటకమును పట్టుకొనుట, హరికథను దాచుకొనుట ఆనాటి ముచ్చటలు.

అన్వేషకులకు ఇచట ఒక సంగతి మిక్కిలి ఉపకరించును. ఇంటిలో ముద్రించుకొనువాడు సరిగా పాట మొదలుకాగానే మీట నొక్కలేడు. పాట ముగియగానే ఆపనులేడు. ముందుగానే నొక్కి సిద్ధముగా నుండును. ముగిసిన తరువాత కొంతసేపు మరచియుండును. కావున పాటకు ముందు పది సెకనులు, తరువాత పది సెకనులు అనౌన్సరు మాట అప్రయత్నముగా టేపులో పడును. కేంద్రపు అలమరలలోని టేపులో పాట మాత్రమే ఉన్నను, శ్రోత ఇంటి టేపులో పాటకు ఇరుప్రక్కల ఆ గొంతు కూడ నిలిచియుండును. తాతగారిని వెదకువారు తాతగారి టేపుకొరకు గాక, ఆ కాలమున ఎవరో దాచుకొనిన ఏదో ఒక పాటకొరకు అడుగుట మంచిది. బంధువుల ఇండ్ల పెట్టెలు, పాత సామాను దుకాణములు, సంగీతసభల పెద్దలు — ఎక్కడ దొరకునో ఎవరు చెప్పగలరు?

దొరకిన దానిని వెంటనే యంత్రములో పెట్టి వినవలెనను ఆతురతను అణచుకొనవలెను. క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న పలుకులుండును. వానిని విరిచివేసినచో పొరపాటున మరల ముద్రణము జరిగి ఉన్నది పోవు ప్రమాదము తప్పును. బూజు పట్టినదానిని తుడువక నడుపరాదు. పెద్ద చుట్టలలో పాతవి ఎండి పెళుసెక్కి తునుగును. వానిలో కొన్నిటినుండి వినిగరు వాసన వచ్చును. తరువాతి కాలపువి కొన్ని తేమకు జిగురెక్కి యంత్రమునకు అంటుకొనును. అట్టివానిని నిపుణులు యాభై డిగ్రీల ప్రాంతపు సన్నని వేడిలో గంటలకొలది ఉంచి, ఆ పిమ్మటనే నడుపుదురు. ఒక్కసారి మాత్రమే శ్రద్ధగా నడిపి, సెకనుకు 96,000 నమూనాల చొప్పున డిజిటల్ రూపమునకు మార్చి, రెండు మూడు చోట్ల ప్రతులు దాచుట నేటి శాస్త్రీయపద్ధతి. స్పష్టత కొరకు బుసబుసను తొలగింపవలెనన్నచో ప్రతిపై తొలగింపవలెను గాని మూలమును తాకరాదు. బుసతోపాటు గొంతులోని ఊపిరియు పోవచ్చును.

దొరకినదానిని ఇంటివారు వినుటకు అడ్డు లేదు. లోకమునకు వినిపింపవలెనన్న చట్టమును తలచుకొనవలెను. ప్రసారముపై ప్రసారసంస్థకు 25 ఏండ్లు, తన ప్రదర్శనముపై కళాకారునకు 50 ఏండ్లు హక్కులు కలవు. అందులోని రచనకు, పాటకు వేరుగా హక్కుదారులుందురు.

వినెడి చెవి

ఇంతవరకు చెప్పినదంతయు టేపును గూర్చి. అయితే ఈ అన్వేషణమునకు టేపుతోపాటు అంతకన్న అరుదైన వస్తువు మరియొకటి కావలెను. అది గుర్తుపట్టు చెవి.

మనుమరాలికి ఒక పాత క్యాసెట్టు దొరకినదనుకొనుడు. ఎవరో పెద్దమనిషి దాచుకొనిన హరికథ. అది ముగియగానే ఒక గొంతు వినబడును. తరువాతి కార్యక్రమము పేరు చెప్పును. అంతలో టేపు ఆగిపోవును. అది తాతగారిదా? ఆ కేంద్రమున నాడు పనిచేసిన మరియొకరిదా? మనుమరాలు చెప్పలేదు. ఆమె ఆ గొంతును ఎన్నడును వినలేదు. యంత్రములు చెప్పలేవు, పోల్చిచూచుటకు వాటికి రూఢియైన నమూనా ఒకటి ముందుగా కావలెను. కాగితములు చెప్పినచో చెప్పును గాని, ఆ దినపు వంతు ఎవరిదో వ్రాసిన లాగ్ పుస్తకము నిలిచియుండవలెను గదా.

చెప్పగలవారు ఆ గొంతును దినదినము వినినవారు. భార్య, చెల్లెలు, స్టూడియోలో ప్రక్కన కూర్చుండినవారు, ఇరుగుపొరుగులు. 1960లో ఇరువదేండ్ల ప్రాయమున నున్నవారికి నేడు ఎనుబది దాటినవి. టేపును చల్లని గదిలో భద్రపరచినచో మరికొన్ని దశాబ్దములు నిలుచును. ఆ చెవులు అంతకాలము నిలువవు. టేపు దొరకి చెవి లేకున్నచో అది ఎవరిదో తెలియని గొంతుగనే మిగులును. కావున అన్వేషణమున మొదటి పని టేపులు వెదకుట కాదు. ఇంటి పెద్దల ప్రక్కన కూర్చుండి, ఆ గొంతు ఎట్లుండెడిదో, ఏ మాటను ఎట్లు విరిచెడివారో, ఏ అక్షరము దగ్గర ఆగెడివారో అడిగి వారి మాటలలోనే ముద్రించుకొనుట. ఆ పనికి నేడు ప్రతివారి చేతిలో సాధనమున్నది. అట్లు చేసినచో తాతగారి గొంతు దొరకకున్నను అమ్మమ్మ గొంతు దక్కును. ఒకనాడు మనుమరాలి మనుమలు వెదకునది దానినే కావచ్చును.

ఆ క్యాసెట్టు సంగతి యేమైనదని పాఠకులు అడుగవచ్చును. మనుమరాలు దానిని తెచ్చి, అమ్మమ్మ చెవియొద్ద పెట్టి వినిపించును. హరికథ కడపటి మంగళము ముగియును. ఆ పది సెకనులు గడచును. ముసలమ్మ కన్నులు మూసికొని వినును.

"ఇంకొక్కసారి పెట్టవే" అనును.

మరల వినును.

"'తరువాత' అని ఆగారు చూడు. అక్కడ ఊపిరి తీసుకునేవారు. జలుబు చేసింది ఆ రోజు. వెళ్లొద్దంటే వినలేదు."